మీ డాక్టరును అడగండి

రావద్దని చెప్పినా వినకుండా ఆమె వచ్చి పళ్ళాస్పత్రి వరండాలో కూర్చుంది. ఎదురుగా తలుపు మూసి ఉంది. లోపల కొడుకు. డ్రిల్లు చప్పుడు సన్నగా, చెవిలో దోమ దూరినట్టు వినిపిస్తోంది.

ఇంట్లో ఇంప్లాంటు అన్న మాట పుట్టిన దగ్గర్నుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు. దవడ ఎముకకు చిల్లు పెట్టి స్క్రూ బిగించడమేమిటి! అది మనిషి నోరా, గోడా?

"ఈ రోజుల్లో ఇది మామూలేనమ్మా" అన్నాడు పొద్దున కొడుకు. "అంతగా భయమైతే ఆస్పత్రి వాళ్ళ చాట్‌బాట్ నీ ఫోనులో పెట్టాను, దాన్నడుగు. వందసార్లడిగినా విసుక్కోదు. నా ప్రాణం మాత్రం తియ్యకు."

అన్నాడే గానీ, వాడు టిఫిను ముట్టలేదు. చేతులు జేబుల్లోంచి తియ్యలేదు. అవి వణుకుతున్నాయని కన్నతల్లికి తెలియదా?

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె జన్మంతా కీడెంచడంతోనే సరిపోయింది, మేలు దాకా వెళ్ళే తీరిక ఎప్పుడూ దొరకలేదు.

కళ్ళజోడు సర్దుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కింది. 'కింది దవడలో నరం తెగుతుందా?'

నవ్వుతున్న పన్ను బొమ్మ పక్కన జవాబు చటుక్కున వచ్చింది. 'అలా జరగడం చాలా అరుదు. నరం దెబ్బతింటే పెదవి, గడ్డం కొంతకాలం మొద్దుబారవచ్చు. కొందరిలో అది శాశ్వతంగా ఉండిపోవచ్చు.'

ఆమె 'అరుదు'ను వదిలేసి 'శాశ్వతం'ను పట్టుకుంది. ఇక వాడి బతుకేం కాను?

పక్క కుర్చీలో బుగ్గ వాచిన ఒకావిడ ఆమెనే చూస్తోంది.

"లోపల ఎవరండీ?"

"మా అబ్బాయి."

"చిన్నవాడా?"

"పెళ్ళీడుకొచ్చాడు."

"అంతవాడికి తోడెందుకండీ, చంకనెత్తుకుని తీసుకెళ్ళడానికా?" ఆవిడ నవ్వబోయి బుగ్గ పట్టుకుంది. "మావారైతే పన్ను పీకుతుంటే వీధి చివరికి వినపడేలా అరిచారు. మీవాడు నయం, కిక్కురుమనడం లేదు."

"వాడంతేనండీ. ఎంత భయమేసినా పైకి చెప్పడు. నా బెంగంతా అదే."

మళ్ళీ ఫోను తీసింది. 'డాక్టరు కొత్తవాడైతే ప్రమాదమా?'

'అనుభవం ముఖ్యం. ఇంతకుముందు ఎన్ని ఇంప్లాంట్లు పెట్టారో మీ డాక్టరును మొహమాటం లేకుండా అడగండి.'

అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఫోను ఒళ్ళో బోర్లించింది.

"మీరు కీడు అడుగుతున్నారు, అది కీడు చెబుతోంది" అంది పక్కావిడ. "ఒక్కసారి మేలు అడిగి చూడండి, ఏం పోయింది?"

నిజమేననిపించింది. 'అంతా బాగానే జరుగుతుంది కదా?' అని రాయడం మొదలుపెట్టింది.

డ్రిల్లు ఆగిపోయింది.

మళ్ళీ మోగుతుందని చూసింది. మోగలేదు. లోపల ఏదో ఇనప వస్తువు నేల మీద పడింది. నర్సు పరుగున బయటికొచ్చి, ఎదుటి అల్మరాలోంచి దూది చుట్టలు గుండెలకదుముకుని అంతే పరుగున లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకునే లోపు ఒక మూలుగు బయటపడింది.

"ఏమ్మా, ఏమైంది?" అని కేకేసింది ఆమె. నర్సు వెనక్కి తిరిగి చూడలేదు.

పక్కావిడ మొహంలో నవ్వు మాయమైంది. "ఏం కాదు లెండి" అంది గానీ, ఆ మాటలో పస లేదు.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. రాస్తున్న మంచి మాట చెరిపేసింది. గబగబా నొక్కింది. 'నెత్తురు ఆగకపోతే ఏం చెయ్యాలి?'

ఈసారి పన్ను బొమ్మ కొంచెం ఆలస్యంగా పలికింది. 'ఇది అత్యవసర పరిస్థితి కావచ్చు. ఇలాంటప్పుడు నా సలహా మీద ఆధారపడకండి. వెంటనే మీ డాక్టరును అడగండి.'

ఆమె లేచి నిలబడింది. ఫోను పట్టుకుని తలుపు వైపు నడిచింది.

అంతలో తలుపు ఓరగా తెరిచి, నెత్తుటి మరకల డాక్టరు కోటులో ఆమె కొడుకు బయటికొచ్చి, ఫోను మీదికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు: "అమ్మా, ఏం చెయ్యమంటోంది?"