చివరి ఊఁ

సినిమాలన్నీ యంత్రాలే ఎడిట్ చేస్తున్న రోజులవి. శాంభవి తన మొదటి చిన్న సినిమాని కాలేజీలో అందరూ 'కత్తెర' అని పిలిచే యంత్రానికి ఇచ్చింది. అందులో మంచం పట్టిన భర్తకు భార్య కథ చెబుతుంటుంది, అతను ఊఁ కొడుతుంటాడు. చివర్లో ఆ ఊఁ ఆగిపోతుంది. మనిషి పోయాడని ఆమెకు అలా తెలుస్తుంది.

కత్తెర ఊఁలన్నిటినీ అనవసరపు చప్పుళ్ల కింద లెక్కగట్టి తీసేసింది.

"అవి చప్పుళ్లు కావే మొద్దూ, ఆయన ప్రాణం! మళ్లీ పెట్టు." గంటలో సినిమా అప్పగించాలి. శాంభవి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"పెట్టేశాను మేడమ్. చివర్లో ఒకటి తగ్గింది, అదీ కలిపాను."

శాంభవి విన్నది. అంత నిశ్శబ్దం తర్వాత, పోయిన మనిషి "ఊఁ" అన్నాడు.

దాన్ని తీసేయడానికి ఆమెకు చేతులు రాలేదు.