మేడగది

"ఈయన లోపం దాచి ఇల్లు అమ్మాడు ఖాజీగారూ. వెనక్కి తీసుకోమనండి," అంది టీచరమ్మ.

"ఏం లోపమమ్మా?"

"సాయంత్రమైతే మేడగదిలో చిన్నపిల్ల నవ్వు వినిపిస్తోంది. ఇంటిల్లిపాదీ విన్నాం."

ఖాజీగారు ఇల్లు అమ్మిన దర్జీ వైపు తిరిగారు. "లోపం చెప్పకుండా అమ్మడం షరియత్ ఒప్పుకోదు. అల్లా సాక్షిగా చెప్పు, నీకు తెలుసా?"

దర్జీ ముఖం పాలిపోయింది. "తెలీదండీ. మా పాప పోయాక రెండేళ్లు ఆ గదిలోనే పడుకున్నాను, ఒక్కసారైనా దాని గొంతు వినిపిస్తుందేమోనని. ఏమీ వినపడక, ఇక అక్కడ లేదనుకునే అమ్మేశాను."

ఖాజీగారు గొంతు తగ్గించి అడిగారు. "నీకు తెలియకపోయినా, లోపముంటే తిప్పి ఇచ్చే హక్కు కొన్నవాళ్లకుంది. ఒప్పుకుంటావా?"

దర్జీ అప్పటికే లేచి టీచరమ్మ ముందు చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇప్పుడే ఇవ్వండమ్మా. పొద్దు వాలుతోంది."