పిడికెడు జొన్నలు

ఆదివారం చర్చిలో జీవరత్నం అయ్యగారు నా ముంతని అందరి ముందూ బోర్లించారు. వండుకునేప్పుడల్లా దేవుడి పేరున పిడికెడు జొన్నలు ఆ ముంతలో వేస్తాం. దేవుడు తినడు గనక అవి అయ్యగారింటికి పోతాయి.

ముంతలోంచి ఒక్క గింజ రాల్లేదు.

"ఏమైనయ్యి దీనమ్మా?"

"అసలే యుద్ధం కరువు గదా అయ్యగారూ. ఈపూరు నుంచి ఒక ముసలామె పస్తులతో నడిచొచ్చింది. గంజి కాచి పోశా."

"బాప్తిస్మం పొందిన మనిషేనా?"

"కాదండి. తిని మూడు రోజులైందంది."

ఆయన జనం వైపు తిరిగి నవ్వారు. "చూశారా, గంజి పోసి పరలోకం కొనుక్కుంటదంట. మంచి పనులు ఎన్ని చేసినా రక్షణ రాదు. నమ్మకం ఒక్కటే చాలు." మళ్లీ నా వైపు చూసి, "ఆర్నెల్లు నువ్వు ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె, ద్రాక్షరసం తీసుకోను రావద్దు" అన్నారు.

నమ్మకం ఒక్కటే చాలేటప్పుడు, ముంత ఖాళీ అయితే ఈయనకెందుకంత కడుపుమంటో నాకు అర్థం కాలా. ఆమె ఎవరో చెప్పగూడదనుకున్నా గానీ, ఆ నవ్వు చూశాక నా నోరు ఊరుకోలా.

"ముంతలో చెయ్యి పెడతంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది అయ్యగారూ. నా కొడుకు పిచ్చయ్యకి ఉంచమ్మా, వాడు ఆకలికి ఆగలేడు అంది."

బాప్తిస్మానికి ముందు అయ్యగారి పేరు పిచ్చయ్య అని చర్చిలో అందరికీ తెలుసు.