పంపకంలో పడిన జీపు

"ఆ ఇంజను మాట ఇంకోసారి ఎత్తితే ఈ స్పానర్ నీ నెత్తిన పడతాది," అన్నాడు మునెప్ప, జీపు కింద పడుకునే.

హిదాయతుల్లా ఒక అడుగు వెనక్కి వేశాడు. పుంగనూరులో ఆయనకు మెకానిక్కు షెడ్డు ఉంది. మునెప్పకు చిన్నప్పటి నేస్తం.

"నేనేమంటినప్పా? నీ తమ్ముడు వెంకటేశులు ఇంటెనక ఇంజను గడ్డివాము కింద ఊరికే పడుండాది. ఈడ నీ జీపు ఇంజను లేక ఊరికే పడుండాది. రెండూ కలిపితే..."

"కలిపేదానికేనా పంచుకునింది?"

"విప్పించింది నాచేతనే గదప్పా! మీ నాయన పోయినంక పొలం పంచుకునిరి, ఆవుల్ని పంచుకునిరి, సరే. జీపును పంచుకునేవాళ్ళను యాడా సూడలేదు. ఇంజను తమ్ముడికంట, బాడీ అన్నకంట!"

"వాడి భాగం వాడికి, నా భాగం నాకు." మునెప్ప బయటికి వచ్చి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "వాడి ఇంజను లేకుండానే నా జీపు రోడ్డెక్కాల. వాడి ఇంటి ముందర నుంచే పోవాల. వాడు సూడాల. అంతే."

ఆ పంతంతోనే ఏడాదిగా జీపును ఒంటిచేత్తో బాగు చేసుకుంటున్నాడు. తుప్పు తిన్న నేలకు నూనె డ్రమ్ము రేకు కోసి అతికాడు. సీట్లు కుప్పంలో పాత బస్సు విప్పినచోట దొరికాయి. టైర్లు మదనపల్లెలో టమాటా వ్యాన్లకు తీసి పారేసినవి. ముందు లైట్లు ట్రాక్టరువి. ఇంటి గేటుకు వేయగా మిగిలిన పచ్చరంగు తనే పూశాడు. దగ్గరికి వెళ్ళి చూస్తే రంగులో అతుక్కున్న బ్రష్షు వెంట్రుకలు కనిపిస్తాయి. ఇంజను కొనే స్తోమత మాత్రం లేకపోయింది.

వారం తిరక్కముందే హిదాయతుల్లా ట్రాలీ ఆటోలో ఒక ఇంజను వేసుకొచ్చాడు. నల్లరంగు మిలమిలా మెరుస్తోంది.

"యాడిది?" అన్నాడు మునెప్ప.

"కుప్పం పక్కది. చెరుకు గానుగకు పెట్టుకోనుండిరి. వాళ్ళు ఇంక వద్దంటే తెచ్చినా."

"ఎవరిది?"

"గానుగోళ్ళది అంటాండా గదప్పా. పెండ్లికూతురిని అడిగినట్ల అడుగుతాండావే! ఇంజనుకు గోత్రం గూడా చెప్పల్నా?"

మునెప్ప నమ్మేశాడు. తండ్రి ఉన్నప్పుడు జీపు తోలింది, ఇంజను చూసుకున్నది తమ్ముడే. మునెప్ప టమాటా పెట్టెలు ఎక్కించేవాడు, దించేవాడు. బానెట్ కింద ఏముందో ఎప్పుడూ తొంగి చూడలేదు.

ఇంజను కూర్చోబెట్టిన మర్నాడు పొద్దున్నే స్టీరింగుకు కుంకుమ పెట్టి, హిదాయతుల్లాను పక్కన ఎక్కించుకుని మునెప్ప జీపు తీశాడు. చౌడేపల్లె దాకా పోయారు. జీపు గుర్రంలా పరిగెత్తింది. తిరుగు దారిలో ఊళ్ళోకి రాగానే మునెప్ప కావాలనే నెమ్మది చేశాడు. అన్నదమ్ముల ఇళ్ళు పక్కపక్కనే. ముందు తమ్ముడిది, తర్వాత అన్నది.

"వద్దప్పా, నేరుగా ఇంటికి పోదాం," అన్నాడు హిదాయతుల్లా.

మునెప్ప వెంకటేశులు వాకిలి ముందర గట్టిగా హారన్ కొట్టాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

మునెప్ప దిగేలోపే వెంకటేశులు బయటికి వచ్చాడు. చేతిలో బట్టల సబ్బు ముక్క ఉంది. అన్న వైపు చూడలేదు. బానెట్ ఎత్తి, డీజిల్ పైపు అతుకు దగ్గర సబ్బు అదిమాడు. చేతి పంపు కొట్టి గాలి తీశాడు.

"సెల్ఫ్ కొట్టమని చెప్పు," అన్నాడు హిదాయతుల్లాతో.

మునెప్ప కొట్టాడు. ఇంజను అందుకుంది.

"గాలి పీల్చేది ఆడనే అని వానికెట్ల తెలుసునో అడుగు," అన్నాడు మునెప్ప, అతనూ హిదాయతుల్లాతోనే.

"నా ఇంజను దగ్గు నాకు తెలీదా అని చెప్పు. గానుగకని గదా హిదాయతన్నా, నువ్వు నా దగ్గర కొనింది?"

హిదాయతుల్లా మేఘాల వంక చూశాడు.

కాగే పెనం తగిలినట్టు మునెప్ప స్టీరింగు మీద నుంచి చేతులు తీసేశాడు. గేరు న్యూట్రల్‌లో ఉంది. కిందికి దిగాడు.

"వాడి ఇంజను లాగితే నేను ఇంటికి పోవల్నా? బాడీ నాది. తోసుకోని పోతా."

"ఇంజనన్నా ఆర్పప్పా!"

"నేను ముట్టను. అది వానిది."

"అమ్మేసింది నేనూ ముట్టనని చెప్పు. నా వాకిట్లో నుంచి తీయమను," అన్నాడు వెంకటేశులు.

హిదాయతుల్లా ఆర్పబోయాడు. "ముట్టొద్దు!" అన్నాయి రెండు గొంతులు ఒక్కసారే.

ఆడుతున్న ఇంజనుతో, పొగలు కక్కుతున్న జీపును మునెప్ప ఒక పక్క పట్టి తోయసాగాడు. హిదాయతుల్లా ఇంకో పక్క పట్టాడు. ఎత్తు దారి. జీపు కదల్లేదు. కాసేపటికి ఉన్నట్టుండి తేలికైంది. హిదాయతుల్లా తిరిగి చూస్తే, వెంకటేశులు వెనక భుజం ఆనించి తోస్తున్నాడు.

హిదాయతుల్లా కళ్ళు చెమర్చాయి. "మునెప్పన్నా, యెనక్కి సూడు. ఎవరో సూడప్పా!"

మునెప్ప చూశాడు. బిగిసిన దవడ కాస్త వదులైంది. ముగ్గురూ ఒక్క ఊపుగా తోశారు. జీపు రెండు ఇళ్ళ మధ్య హద్దురాయి దాకా వచ్చింది.

అక్కడ వెంకటేశులు భుజం తీసేసి చేతులు దులుపుకున్నాడు. "నా భాగం ఈడికి సరి. ఈడినుంచి ఆయప్పనే తోసుకోమని చెప్పు."