పట్టాభిగారి మాటలు

తెర మీద ఒక్కొక్క మాటే వెలిగి వాక్యమయింది. పక్కనున్న పెట్టె దాన్ని మగగొంతుతో చదివింది.

"దీపం కొండెక్కేముందు గాలిని తిట్టదు లీలా. ఇక నన్ను వెళ్ళనీ. ఆపరేషన్ వద్దు."

రాఘవేంద్ర కళ్ళు తుడుచుకున్నాడు.

"నాన్న చెప్పేశారమ్మా. ఇలాంటి మాట ఈ ఫిలింనగర్‌లో ఆయన తప్ప ఇంకెవరనగలరు?"

లీలాకుమారి మంచం మీది భర్త వంక చూసింది. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ పట్టాభిరామయ్యకు కాళ్ళూ చేతులూ కదలవు, మాట పడిపోయింది. కనుగుడ్లు తిరుగుతాయి, రెప్పలు పడతాయి, గుటక దిగుతుంది, అంతే. ఇప్పుడు మెదడులో మళ్ళీ రక్తం గడ్డకట్టిందట. ఆపరేషన్ చేస్తే నిలబడొచ్చు, బల్ల మీదే పోవచ్చు. చేయకపోతే మాత్రం నెల గడవడం కష్టమని డాక్టర్లు తేల్చేశారు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. చెప్పాల్సింది లీలాకుమారి.

ఆ యంత్రం తెచ్చింది అనఘ. రేపటి మనుషులు కంప్యూటర్లతో ఎలా మాట్లాడతారన్నది ఆ అమ్మాయి పరిశోధన. పట్టాభిరామయ్య తెర మీది ఒక అక్షరాన్ని చూస్తే చాలు, కెమెరా ఆ చూపును పట్టుకుంటుంది, మిగతా వాక్యమంతా యంత్రమే పూర్తిచేస్తుంది. అది తన మాట కాదనుకుంటే ఆయన కళ్ళు గట్టిగా మూసుకోవాలి.

ఆ పెట్టె జూబ్లీ హిల్స్‌లోని ఈ ఇంటికి వచ్చాక లీలాకుమారికి కొత్త కాపురం పెట్టినట్టుంది. సినిమా మాటలతో 'మాటల పట్టాభి' అని పేరు తెచ్చుకున్న మనిషి ఇంట్లో మాత్రం పరమ లోభి. పొద్దంతా నిర్మాతల ఆఫీసుల్లో కూర్చుని, ఇంటికొస్తూనే "అయిందా?" అనేవాడు. అన్నం తింటూ "ఊఁ" అనేవాడు. అక్కడితో ఆ రోజు మాటలు సరి. ఊరందరికీ విందు పెట్టి ఇంటావిడను పస్తుంచే రకం.

అలాంటివాడు పోయిన వారం, "నీ చేతి కాఫీలో నేను తాగింది కాఫీ కాదు లీలా, నీ ఓపిక" అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కరువుతీరా ఏడ్చింది.

ఒక్కటే వింత. వాక్యం సగంలో ఉండగానే చివరి మాట ఆమె నోట మెదిలేది. ఇన్నేళ్ళ కాపురం, ఆ మాత్రం తెలియదా అని మురిసిపోయేది. ఇవాళ కూడా తెర మీద 'గాలిని' అని పడగానే ఆమె పెదాలు 'తిట్టదు' అన్నాయి. ఈసారి మాత్రం మురిపెం కలగలేదు.

"ఆయన ఏ అక్షరం చూశారమ్మా?" అని అనఘను అడిగింది.

"ద, ఆంటీ."

"అదొక్కటేనా?"

"అంకుల్ కళ్ళు తొందరగా అలసిపోతున్నాయి కదా. ఫస్ట్ లెటర్, మనం అడిగిన క్వశ్చన్, రెండూ కలిపి సిస్టమ్ గెస్ చేస్తుంది. ఆయన కళ్ళు మూసుకోలేదుగా, అంటే ఓకే అన్నట్టే."

"ద అంటే దాహం కూడా కావచ్చుగా?"

"అమ్మా!" రాఘవేంద్ర విసుక్కున్నాడు. "నాన్నను వదులుకోవడం నీకు ఇష్టం లేదు. నాకు మాత్రం ఉందా? ఆయనే నోరు తెరిచి అడిగినప్పుడు కాదనడానికి మనమెవరం?"

రోగిని కనిపెట్టుకుని ఉండే కొమురమ్మ ఈలోగా చెంచాతో నీళ్ళు ఆయన పెదాలకు ఆనించింది. పట్టాభిరామయ్య గుటక వేశాడు. ఇంకో చెంచా, ఇంకో గుటక.

"జర నిమ్మళంగ సారూ, పొలమారుతది," అంది కొమురమ్మ. "పొద్దుగాల జావల ఉప్పు తక్కువైతే నన్ను గుర్రుగ జూసిండమ్మా."

లీలాకుమారికి నిజంగానే భయమేసింది. వద్దన్నది ఆయనే అయితే, బలవంతాన కోతకు పంపడం పాపం. ఆయన కాకపోతే, బతకాలనుకునే మనిషిని తన చేతులతో చంపుకున్నట్టే. పోనీ ఆయన్నే అడుగుదామంటే, జవాబు చెప్పేది మళ్ళీ ఆ పెట్టే.

"ఆయన ఇలాగే అంటారని దానికెలా తెలుసమ్మా?"

అనఘ ముఖం విప్పారింది. తన పని గురించి ఎవరైనా అడిగితే ఆ అమ్మాయికి పండగే.

"మామూలు తెలుగు నేర్పిస్తే అందరిలాగే మాట్లాడుతుంది ఆంటీ. అందుకే రాఘవేంద్రగారిని అడిగి అంకుల్ సినిమాల స్క్రిప్టులన్నీ తీసుకున్నాం. ఫస్ట్ సినిమా నుంచి లాస్ట్ సినిమా దాకా ప్రతి డైలాగూ చదివించాం. ఏ మాట పక్కన ఏ మాట వేస్తారు, ప్రేమొస్తే ఏమంటారు, చావొస్తే ఏమంటారు, అన్నీ దానికి కంఠస్థం."

"వేరే ఎవరి మాటలూ కలపలేదా?"

"ఒక్కటి కూడా లేదు. మీరేం డౌట్ పెట్టుకోకండి. ఇన్నాళ్ళూ మనం విన్న ప్రతి మాటా ఆ సినిమాలు రాసిన మనిషిదే."

లీలాకుమారి మంచం పట్టె మీద కూర్చుంది. పట్టాభిరామయ్య రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు మొదటిసారిగా ఏమీ అర్థం కాలేదు.

రాఘవేంద్ర బంజారా హిల్స్ ఆసుపత్రికి ఫోన్ కలిపాడు. "వద్దని చెప్పేస్తున్నానమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె లేచి వాడి చేతిలోని ఫోన్ లాక్కుంది.

"ఆపరేషన్‌కి తీసుకొస్తున్నామండీ. ఏర్పాట్లు చేయండి."

"ఏంటమ్మా ఇది! నాన్న మాటకే విలువ లేదా?" రాఘవేంద్ర అరిచాడు.

ఆ సినిమాలన్నీ రాసింది లీలాకుమారి.