ఆఖరి ఐసు దిమ్మ

"ఆగండాగండి! అది నాకు కావాలండీ!"

విజయకుమారి రిక్షా దిగి పరుగున వెళ్ళి సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

అమలాపురం ఐసు ఫ్యాక్టరీలో మిగిలిన ఆఖరి దిమ్మ అది. గాలివానకి కరెంటు పోయి, కాలేజీ ల్యాబులో ఫ్రిజ్ కాస్తా మామూలు బీరువా అయిపోయింది. ఇదీ దక్కకపోతే ఆమె పరిశోధనంతా గోదాట్లో కలిసినట్టే.

సైకిలాయన దిమ్మ మీద గోనెసంచి కప్పుతూ ఆగాడు. మాసిన గడ్డం, తడిసిన పంచె.

"నేను ముందొచ్చేనమ్మా."

"చేపలకేగా? అవి పోతే రేపు మళ్ళీ పడతాయి. నాది పోతే మళ్ళీ రాదండీ."

ఆయన చేపల ఊసెత్తలేదు. "ఏంటమ్మా అది?" అన్నాడు.

ఒళ్ళు మండింది ఆమెకి. ఇప్పుడీయనకి పాఠం చెప్పాలా! కానీ అవసరం తనది.

"డీఎన్‌ఏ అనీ, రక్తంలోంచి తీసిన దారమండీ. తల్లిదండ్రుల నుంచి పిల్లలకొచ్చేదంతా అందులోనే ఉంటుంది. పల్చటి పొర సంచిలో పోసి చల్లటి నీళ్ళలో వేలాడదీసేను. ఉప్పూ మలినం పొరలోంచి బయటికి పోతాయి. దారం పెద్దది కదా, లోపలే ఉండిపోతుంది. నీళ్ళు వేడెక్కితే అదీ పాడైపోద్ది."

"ఎవరి రక్తమమ్మా?"

"ఓ చిన్నపిల్లది. ఒంట్లో రక్తం నిలవని జబ్బు. డాక్టరుగారు పోయిన వారం తీసి పంపేరు. ఇవాళ పొద్దున్నే పోయిందట పాపం. మళ్ళీ తీద్దామన్నా పిల్ల లేదు."

తాడు ముడి మీద ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆ సంచిలోది... ఉంటదాండీ?"

"చల్లగా ఉంచితే ఏళ్ళ తరబడి ఉంటుంది."

"ఆయ్."

తాడు విప్పి, దిమ్మని ఎత్తి ఆమె రిక్షాలో పెట్టాడు.

"పోనీ, సగం మీరుంచుకోండి" అంది మొహమాటానికి.

"సగం ఎవరికీ చాలదమ్మా. జాగ్రత్తగా తీసుకెళ్ళండి."

పేరైనా అడక్కుండా ఆమె రిక్షా ఎక్కేసింది.

దారం దక్కింది. మర్నాడు పొద్దున్నే సంబరంగా ఫ్యాక్టరీకి వచ్చింది.

"అప్పారావుగారూ, నిన్నటి చేపలాయన ఎక్కడుంటారండీ? ఓ దండం పెట్టి వెళ్తాను."

ఐసు కోసే అప్పారావు రంపం పక్కన పెట్టాడు.

"చేపలాయన కాదండీ. నిన్న మీ మాటలన్నీ విన్నాను గానీ, నాకూ ఇందాకే తెలిసింది. ఆయన రాజోలు దేవదానంగారు. వాళ్ళావిడ హైదరాబాదులో నర్సండీ. ఆవిడ వచ్చేదాకా ఉంచాలని, ఐసు కోసం రేవు దాటి వచ్చేరంట. ఐసు లేక నిన్న సాయంత్రమే సమాధి చేసేసేరు. తెల్లారి దిగిన తల్లికి ఆఖరి చూపు కూడా దక్కలేదండీ."

విజయకుమారి ఓ అడుగు ముందుకేసింది.

"ఎవర్ని ఉంచాలనండీ?"

"మీ సంచిలో ఉన్న పిల్లనేనండీ."