గళ్ల లుంగీ రేటు

"రేటు మార్చాలె! రేటు మార్చాలె!"

జూబ్లీహిల్స్‌లో ఆ వీడియో గేముల కంపెనీ అద్దాలు కేకలకు అదురుతున్నాయి. భువన మూడో అంతస్తు నుంచి కిందికి తొంగి చూసింది. గేటు ముందు ఇసక వేస్తే రాలనంత జనం. వాళ్ల తలల మీద నిలువెత్తు ఫ్లెక్సీలో హీరో ప్రళయ్ లుంగీ ఎగ్గట్టి నవ్వుతున్నాడు.

ఆ రేటు పెట్టింది భువనే.

కంపెనీ వాళ్ల ఆటలో యాభై మంది ఆన్‌లైన్‌లో ఒకేసారి దిగి కొట్టుకుంటారు. ఆట ఉచితం. సరదా ఉన్నవాళ్లు డబ్బు కట్టి తమ బొమ్మకు కొత్త వేషం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ముందు రోజే ఇద్దరు సినిమా హీరోల వేషాలు విడుదలయ్యాయి. అర్ణవ్‌ది రాజు వేషం, గుర్రంతో సహా. ప్రళయ్‌ది గళ్ల లుంగీ, నల్ల కళ్లద్దాలు. వాటికి ధర కట్టడం భువన ఉద్యోగం.

యజమాని త్రినాథరావు ఒకప్పుడు ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు పెట్టి సినిమాలు తీసినవాడు. మొదట్లో ఆయన ఆశ వేరు.

"వేషం కొన్నవాడు నాలుగు దెబ్బలు ఎక్కువ తగిలినా చావకుండా చేద్దామమ్మా. వెయ్యి పెట్టినా ఎగబడతారు."

"డబ్బున్నవాడే గెలిచే ఆట మిగతావాళ్లు ఎందుకు ఆడతారండీ? బాల్కనీలో కూర్చున్నవాడికి మెత్తటి కుర్చీ వేస్తాం. అంతేగానీ వేరే క్లైమాక్స్ చూపించం కదా!"

ఆ మాటతో ఆయన మెత్తబడ్డాడు. వేషం కొన్నా కొనకపోయినా బలం అందరికీ ఒకటే అని ఖాయమైంది. ఒక్కో వేషం తయారీకి ఎంత పని పట్టిందో చూసి, దాన్ని బట్టి భువన ధర కట్టింది. లుంగీ వేషానికి రెండు వందల యాభై. ఇంతకంటే న్యాయంగా ఎవరూ కట్టలేరనుకుని హాయిగా నిద్రపోయింది.

తెల్లారేసరికి ఇదీ వరస.

నాయకుణ్ణి లోపలికి పంపమని సెక్యూరిటీకి చెప్పింది. చొక్కా మీద రంగు మరకలతో ఒకాయన వచ్చి నిలబడ్డాడు. పేరు హనుమంతు. ఇళ్లకు పెయింటు వేస్తాడు. రహమత్ నగర్ ప్రళయ్ అభిమాన సంఘానికి అధ్యక్షుడు. కూర్చోమంటే కూర్చోలేదు. చాయ్ ఇస్తే ముట్టలేదు.

"ప్రళయన్న వేషానికి గా రేటేంది మేడమ్? పెట్టే ముందు జర సోంచాయించరా?"

"అన్నీ ఆలోచించే పెట్టామండీ. మీరెవరూ కొనలేదా?"

"గా రేటుకు ఎట్ల కొంటం? మనసెట్ల ఒప్పుతది?" హనుమంతు కిటికీలోంచి కింది జనాన్ని చూపించాడు. "నిన్న రేటు చూసినప్పటి సంది మా పోరగాళ్లు సక్కగ అన్నం తింటలేరు. బస్తీల తలెత్తుకుని తిరగలేకపోతున్నం. గరీబోళ్లమని గింత చులకననా?"

భువన మనసు చివుక్కుమంది. అభిమాన హీరో లుంగీ కళ్ల ముందు మెరుస్తుంటే, కట్టుకోలేక చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో అనిపించింది. పని చూసి ధర కట్టిందే తప్ప, మనుషుల్ని చూడనే లేదు.

"ఎంత పెడితే మీకు న్యాయంగా ఉంటుందో చెప్పండి."

"గది కూడా మేమే చెప్పాల్నా? సదువుకున్నోళ్లు, మీకు తెల్వదా?" అని దండం పెట్టి హనుమంతు కిందికి వెళ్లిపోయాడు.

భువన సరాసరి త్రినాథరావు గదిలోకి నడిచింది.

"యాభై చేద్దామండీ."

"యాభై తగ్గించమంటావా?"

"కాదండీ. ధరే యాభై."

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "మతి పోయిందా అమ్మా? ప్రళయ్‌కి మనం ఇచ్చిన డబ్బయినా వెనక్కి రావద్దూ?"

"బయట ఉన్నవాళ్లంతా కొంటారు. వాళ్లను చూసి మిగతా బస్తీలు కొంటాయి."

"కొనకపోతే?"

"నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి."

అనేశాక గాని ఎంత మాట అన్నదో తెలియలేదు. వెంగళరావు నగర్‌లో కొత్తగా కొన్న ఫ్లాటు గుర్తొచ్చింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. త్రినాథరావు ఆమెను ఎగాదిగా చూశాడు. బయట కేకలు ఇంకాస్త పెరిగాయి. విసుగ్గా చెయ్యి ఊపాడు.

"కానీ. నీ ఇష్టం, నీ పూచీ."

క్షణాల్లో ఆటలో ధర మారిపోయింది. భువన లిఫ్టు కోసం ఆగకుండా మెట్లమీద పరుగెత్తింది. గేటు తీయించి, సెక్యూరిటీ కుర్చీ ఎక్కి నిలబడింది. జీవితంలో మొదటిసారి ఒక పెద్ద గుంపు తన మాట కోసం చెవులు రిక్కించి ఎదురుచూస్తోంది.

"మీ బాధ మాకు అర్థమైంది! మీ కోసం రేటు మార్చాం! ఈ నిమిషం నుంచి ప్రళయ్ గారి వేషం యాభై రూపాయలే!"

ఈలలు పడతాయనుకుంది. భుజాల మీదికి ఎత్తుకున్నా ఎత్తుకుంటారనుకుని చున్నీ కూడా సర్దుకుంది.

ఒక్క చప్పట్టూ లేదు. ఫ్లెక్సీ పట్టుకున్న చేతులు మెల్లగా కిందికి దిగాయి. వెనక వరసలో ఎవడో వెక్కిళ్లు పెట్టి ఏడుస్తున్నాడు. హనుమంతు గేటు పక్కనే కూలబడి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఏమైంది హనుమంతు గారూ? ఇంకా ఎక్కువగా ఉందా?"

అతను నీళ్లు నిండిన కళ్లతో తలెత్తాడు.

"గా అర్ణవ్‌గానికి మూడొందలు పెట్టి మా అన్నకు రెండొందల యాభయ్యే పెట్టిన్రని ఇజ్జత్ పోయి కొట్లాడనీకి వస్తే, ఇంకింత దించి యాభైకి తెస్తివా తల్లీ!"